ఇటలీలో ఫాసిజం గద్దెనెక్కిన తీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షల పుస్తకాలు ఈ కథను ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి: 1922లో ముస్సోలినీ రోమ్ మీదికి దండెత్తి అధికారం చేజిక్కించుకున్నాడు. అందులో నిక్కచ్చిగా నిలిచేది సంవత్సరం ఒక్కటే. దండెత్తిన గుంపులో ముస్సోలినీ లేడు. అధికారాన్ని ఆయన లాక్కోలేదు, పిలిచి చేతికిచ్చారు. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నదే ఈ పేజీలో ఎక్కువ చోటు తీసుకుంటుంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య యూరప్‌లో నియంతలకు కొదవ లేదు. అందరినీ ఇక్కడ కుక్కే బదులు తొలి నమూనా అయిన ఇటలీని పట్టుకున్నాను. మిగతావాళ్లు చివర్లో వస్తారు.

ఫాసిజం అనే మాట ఎక్కడిది?

ఇటాలియన్‌లో 'ఫాషో' అంటే కట్ట, మోపు. పాత రోమన్ అధికారుల ముందు భటులు గొడ్డలి చుట్టూ కట్టిన బెత్తాల మోపును మోసుకుంటూ నడిచేవారు. శిక్షించే అధికారానికి అది గుర్తు. అయితే ఆధునిక రాజకీయాల్లో ఈ మాటను మొదట వాడుకున్నది వామపక్షం వాళ్లు. 1890లలో సిసిలీ పేద రైతులు, కూలీలు పెట్టుకున్న సంఘాలను 'ఫాషీ' అనేవారు. అంటే మన భాషలో 'సంఘం', 'దళం' లాంటి మామూలు మాటే. 1919 మార్చి 23న మిలన్‌లోని సాన్ సెపోల్క్రో కూడలి పక్క హాలులో ముస్సోలినీ తన 'పోరాట ఫాషీ'లను ప్రారంభించేనాటికి ఆ పేరు విని ఎవరూ ఉలిక్కిపడలేదు.

ముస్సోలినీ మొదట సోషలిస్టు అన్నది నిజమేనా?

నిజమే, అదీ మామూలు సోషలిస్టు కాదు. తండ్రి కమ్మరి, సోషలిస్టు కార్యకర్త. తల్లి బడిపంతులమ్మ. బెనీటో అన్న పేరు కూడా మెక్సికో నాయకుడు బెనీటో హువారెస్ మీద అభిమానంతో తండ్రి పెట్టిందే. 1912 చివర్లో సోషలిస్టు పార్టీ పత్రిక 'అవాంతీ'కి సంపాదకుడయ్యాడు. కలం పదునుగలవాడు, ఆయన చేతిలో పత్రిక అమ్మకాలు బాగా పెరిగాయి.

1914లో యుద్ధం వచ్చింది. ఇటలీ యుద్ధంలో దిగకూడదన్నది పార్టీ విధానం. ముస్సోలినీ కొద్ది వారాల్లోనే మాట మార్చి, దిగాలన్నాడు. సంపాదకత్వం పోయింది, నవంబరులో పార్టీ నుంచి వెలివేశారు. అదే నెలలో 'ఇల్ పోపోలో దితాలియా' అనే సొంత పత్రిక పెట్టాడు. డబ్బు ఎక్కడిదంటే, యుద్ధం రావాలని కోరుకున్న పారిశ్రామికవేత్తల నుంచి, ఫ్రెంచి వర్గాల నుంచి. ఆయన్ని నడిపింది సిద్ధాంతమా, అవకాశమా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు నాకు ఆయన గాలివాటం కనిపెట్టడంలో ఆరితేరిన పత్రికా రచయితగానే కనిపిస్తాడు. సిద్ధాంతం తర్వాత కుట్టించుకున్న చొక్కా.

ఇటలీ యుద్ధంలో గెలిచిన పక్షమే కదా, మరి అంత అసంతృప్తి ఎందుకు?

గెలుపు ఖరీదు ఆరు లక్షలకు పైగా సైనికుల ప్రాణాలు. ఇళ్లకు తిరిగొచ్చిన వారికి ఎదురైనవి చుక్కలనంటే ధరలు, దొరకని పనులు. యుద్ధకాలంలో రైతు కుటుంబాల సైనికులకు భూమి ఇస్తామని ఊరించారు, తర్వాత ఆ మాట ఎత్తినవారు తక్కువ. దీనికి తోడు 1915లో లండన్ రహస్య ఒప్పందంలో మిత్రదేశాలు ఇస్తామన్న భూభాగాలన్నీ చేతికి రాలేదు. కవి గాబ్రియేలె దానుంజియో దీన్ని 'అంగవికలమైన విజయం' అన్నాడు, ఆ మాట దేశమంతా పాకింది. ఆయన మాటతో ఆగలేదు. 1919 సెప్టెంబరులో కొంతమంది సైనికులను వెంటేసుకుని ఆద్రియాటిక్ తీరంలోని ఫియూమె పట్టణాన్ని ఆక్రమించి, పదిహేను నెలలు ఏలాడు. బాల్కనీ ప్రసంగాలు, గుంపుతో ప్రశ్న-జవాబు నినాదాలు, నల్లచొక్కాల కవాతులు అన్నీ అక్కడ ముందే ఆడిన నాటకం. ముస్సోలినీ చూసి నేర్చుకున్నాడు.

ఇంకోవైపు 1919, 1920 సంవత్సరాల్లో సమ్మెలు ఊపందుకున్నాయి. 1920 సెప్టెంబరులో ఉత్తరాది నగరాల్లో లక్షల మంది కార్మికులు ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకున్నారు. ప్రధాని జొలిత్తి ముసలి నక్క. సైన్యాన్ని పంపకుండా ఓపిక పట్టాడు, కొద్ది వారాల్లో ఆక్రమణ దానంతటదే చల్లబడింది. విప్లవం రాలేదు, వస్తుందన్న భయం మాత్రం ఆస్తిపరుల గుండెల్లో ఉండిపోయింది. గమనించండి: ఫాసిజం బలపడింది సమ్మెల పోటు తగ్గిన తర్వాతే. 'విప్లవాన్ని ఆపింది మేమే' అన్న వాళ్ల గొప్ప అక్కడే తేలిపోతుంది.

మొదటి ఎన్నికల్లో ఫాసిస్టులకు ఎన్ని ఓట్లు వచ్చాయి?

1919 నవంబరు ఎన్నికల్లో మిలన్‌లో నిలబడిన ముస్సోలినీ జాబితాకు అయిదు వేల ఓట్లు కూడా రాలేదు. ఒక్క సీటూ లేదు. సోషలిస్టులు 156 సీట్లతో అతిపెద్ద పార్టీ అయ్యారు, క్యాథలిక్కుల పోపోలారీ పార్టీ 100 తెచ్చుకుంది. సోషలిస్టులు సంబరంలో ముస్సోలినీ పేరుతో ఉత్తుత్తి శవయాత్ర తీసి, శవపేటికను ఆయన ఇంటి ముందు నుంచి ఊరేగించారు. తొందరపడ్డారు.

మరి ఏడాది తిరిగేసరికి అంత బలం ఎలా వచ్చింది?

దీనికి జవాబు మిలన్‌లో దొరకదు, పో నదీ మైదానంలోని పొలాల్లో వెతకాలి. బొలోన్యా, ఫెరారా, క్రెమోనా చుట్టుపక్కల పెద్ద కమతాల్లో రోజుకూలీలు లక్షల మంది. వాళ్లకు బలమైన సోషలిస్టు సంఘాలుండేవి. ఏ కూలీని పనిలో పెట్టుకోవాలన్నా సంఘం ద్వారానే పెట్టుకోవాలి, ఇన్ని ఎకరాలకు ఇంతమందికి పని చూపించాలి. కాదన్న భూస్వామికి కోతల వేళ ఒక్క చెయ్యి కూడా సాయానికి రాదు. కట్టుదాటిన కూలీని, చిన్న రైతును కూడా సంఘం వెలివేసేది. ఈ కట్టుబాటు కూలీలకు అన్నం పెట్టింది, భూస్వాములకు కంటిమీద కునుకు లేకుండా చేసింది. తామూ రెండెకరాలు కొనుక్కుని పైకి రావాలనుకున్న చిన్న రైతులకూ చిరాకు తెప్పించింది. ఆ మూడో సంగతిని వామపక్ష కథనాలు తరచు దాటవేస్తాయి.

1920 నవంబరు 21న బొలోన్యాలో కొత్త సోషలిస్టు నగరపాలక సభ కొలువుదీరుతుండగా ఫాసిస్టులు దాడికి వచ్చారు. కాల్పులు, బాంబులు, తొక్కిసలాట. దాదాపు పదిమంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది సోషలిస్టుల అభిమానులే. సభ లోపల ఒక జాతీయవాద సభ్యుడు కూడా హతుడయ్యాడు. ఆ ఒక్క చావును జెండాగా ఎత్తుకుని దళాలు పల్లెల మీద పడ్డాయి.

దాడి ఎలా జరిగేదంటే: చీకటి పడ్డాక పట్నం నుంచి లారీల్లో ముప్పై, నలభై మంది దిగుతారు. యుద్ధం నుంచి వచ్చిన కుర్ర అధికారులు, కాలేజీ విద్యార్థులు, భూస్వాముల కొడుకులు. చేతుల్లో దుడ్డుకర్రలు, కొందరి దగ్గర పిస్తోళ్లు. ముందు కూలీ సంఘం ఆఫీసు, సహకార దుకాణం తగలబెడతారు. తర్వాత సంఘం కార్యదర్శి ఇంటి తలుపు కొడతారు. పెళ్లాం పిల్లల ముందే బయటికి లాగి, చితకబాది, నోట్లో గరాటు పెట్టి ఆముదం పోస్తారు. మన ఇళ్లలో పిల్లలకు గరిటెడు పట్టించే ఆముదమే, అక్కడ సీసా సీసా పట్టించేవారు. కొందరు ఆ దెబ్బలకు చనిపోయారు. బతికినవారు బట్టలు పాడైపోయి ఊరందరి ముందు నడిచి ఇంటికి వెళ్లాలి. నాయకుడి పరువు తీస్తే సంఘం దానంతటదే కూలుతుందని వాళ్లు కనిపెట్టారు. నిజంగానే కూలింది. 1921 సగానికి వచ్చేసరికి ఆ మైదానంలో వందలాది కార్మిక కార్యాలయాలు బూడిదయ్యాయి. పనులు పోతాయన్న భయంతో కూలీలు గుంపులు గుంపులుగా ఫాసిస్టు సంఘాల్లో చేరారు.

ఈ ప్రాంతీయ నాయకులను 'రాస్'లు అనేవారు. ఇథియోపియా సామంతుల బిరుదు అది. ఫెరారాలో ఇటాలో బాల్బో, క్రెమోనాలో ఫరినాచ్చీ, బొలోన్యాలో గ్రాందీ. పార్టీకి పేరు ముస్సోలినీది, కండ వీళ్లది. 1921 ఆగస్టులో ఆయన సోషలిస్టులతో శాంతి ఒప్పందం చేసుకుంటే వీళ్లు ఎదురుతిరిగారు. కొద్ది నెలల్లో ఆయనే వెనక్కి తగ్గాడు.

పోలీసులు, సైన్యం చూస్తూ ఊరుకున్నారా?

చాలాచోట్ల ఊరుకున్నారు, కొన్నిచోట్ల సాయం చేశారు. 1922 జులైలో రవెన్నాలో జరిగినదాన్ని బాల్బో తన డైరీలోనే రాసుకున్నాడు. పోలీసు అధికారి దగ్గరికి వెళ్లి, లారీలు ఇప్పించకపోతే సోషలిస్టుల ఇళ్లు తగలబెడతామని బెదిరించాడు. దళాన్ని ఊరు దాటిస్తే పీడ వదులుతుందని ఆ అధికారి లారీలు ఇచ్చాడు. బాల్బో ఆ లారీల మీదే ఫోర్లీ, రవెన్నా జిల్లాల్లో ఒక పగలూ ఒక రాత్రీ తిరిగి, దారిపొడవునా సోషలిస్టుల కార్యాలయాలకు నిప్పుపెట్టాడు.

కింది అధికారులకు సోషలిస్టులంటే మంట. పై అధికారులకు ప్రభుత్వం ఎప్పుడు మారుతుందో తెలియదు. నిక్కచ్చిగా నడుచుకున్న చోట ఏం జరిగిందో కూడా చూడాలి. 1921 జులైలో సర్జానా పట్టణంలో అయిదు వందల మంది ఫాసిస్టులు దిగితే, పదిమంది చిల్లర పోలీసులు తుపాకులు పేల్చారు. గుంపు చెల్లాచెదురై పారిపోయింది. అంత బలహీనమైన దళాలు అవి. ఎదురు దెబ్బ తగలదని తెలిసినచోటే పులులు.

సోషలిస్టులు, క్యాథలిక్కులు, ఉదారవాదులు చేతులు కలిపి ఉంటే ఆపగలిగేవారు కదా?

లెక్క ప్రకారం ఆపగలిగేవారే. సోషలిస్టులు, పోపోలారీ కలిస్తే పార్లమెంటులో ఎవరినైనా నిలువరించగల బలం. కానీ సోషలిస్టులకు చర్చి పేరెత్తితే పడదు, బూర్జువా ప్రభుత్వంలో చేరడమంటే మైల. క్యాథలిక్కులకు నాస్తికులతో పొత్తు పాపం. పైగా సోషలిస్టులు తమలో తామే చీలుతూ వచ్చారు: 1921 జనవరిలో లివోర్నో మహాసభలో కమ్యూనిస్టులు విడిపోయారు, 1922 అక్టోబరు మొదటి వారంలో మితవాదులను పార్టీ బయటికి నెట్టింది. అంటే ఫాసిస్టులు రోమ్ మీదికి రావడానికి మూడు, నాలుగు వారాల ముందు! ఇల్లు కాలుతుంటే వాటాలు పంచుకున్నట్టు.

జొలిత్తి తప్పు వేరే రకం. 1921 మే ఎన్నికల్లో సోషలిస్టులను దెబ్బతీయడానికి ఫాసిస్టులను తన కూటమి జాబితాలో చేర్చుకున్నాడు. పార్లమెంటులో కూర్చోబెడితే బుద్ధిగా ఉంటారని ఆయన లెక్క. ఆ పొత్తుతో 35 మంది ఫాసిస్టులు పార్లమెంటులో అడుగుపెట్టారు. ఒంటరిగా సున్నా, పెద్దమనిషి భుజమెక్కితే 35.

రోమ్ మీదికి దండయాత్రలో అసలు ఏం జరిగింది?

1922 అక్టోబరు 24న నేపుల్స్‌లో ఫాసిస్టుల పెద్ద సభ. అధికారం మాకిస్తారా, రోమ్‌కు వచ్చి తీసుకోమంటారా అని ముస్సోలినీ గర్జించాడు. దండయాత్ర బాధ్యత నలుగురికి అప్పగించాడు: బియాంకీ, దె బోనో, దె వెక్కీ, బాల్బో. వాళ్ల మకాం పెరూజా. ముస్సోలినీ మాత్రం మిలన్‌కు తిరిగి వెళ్లిపోయాడు. స్విట్జర్లాండ్ సరిహద్దు అక్కడికి దగ్గరే అన్న సంగతి ఆయన శత్రువులు ఎన్నడూ మరిచిపోలేదు.

అక్టోబరు 27 రాత్రి ఫాసిస్టు నల్లచొక్కాల గుంపులు రోమ్ చుట్టూ సాంతా మరినెల్లా, మోంతెరోతోందో, తివోలి దగ్గర పోగయ్యాయి. సుమారు పాతికవేల మంది. కుండపోత వాన. తలదాచుకోను చోటు లేదు, తిండి లేదు. చాలామందికి ఆయుధం అంటే కర్రే, తుపాకీ దొరికినవారిలో కొందరికి గుళ్లు లేవు. సైన్యం ముందుజాగ్రత్తగా కొన్నిచోట్ల రైలు పట్టాలు తొలగించడంతో రైళ్లు దారిలోనే నిలిచిపోయాయి. రోమ్ లోపల జనరల్ పుల్యేసే కింద మరఫిరంగులు, ఫిరంగులు ఉన్న సైన్యం ఎదురుచూస్తోంది. కాల్చమన్న ఉత్తర్వు వస్తే ఆ బురద గుంపు ఎంతసేపు నిలిచేదో ఊహించడానికి సర్జానా చాలు.

28 తెల్లవారుజామున ప్రధాని ఫక్తాను నిద్రలేపారు. మంత్రివర్గం సమావేశమై ముట్టడి పరిస్థితి, అంటే సైనిక పాలన, ప్రకటించాలని నిర్ణయించింది. జిల్లా అధికారులకు టెలిగ్రాములు వెళ్లాయి, గోడలమీద ప్రకటనలు కూడా అంటించారు. మిగిలింది రాజు సంతకం. ఫక్తా కాగితం పట్టుకుని రాజభవనానికి వెళ్లాడు. మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టనన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆ ఉత్తర్వులు రద్దు, ఫక్తా రాజీనామా.

మొదట మాజీ ప్రధాని సలాంద్రాను మళ్లీ ప్రధానిని చేసి ముస్సోలినీకి కొన్ని మంత్రి పదవులు ఇద్దామని చూశారు. ముస్సోలినీ మిలన్ నుంచి కదలకుండానే ఒప్పుకోనన్నాడు. 29న రాజు నుంచి పిలుపు వచ్చింది. ఆ రాత్రి పడక బోగీలో ఎక్కి, 30 పొద్దున రోమ్‌లో దిగి, నల్లచొక్కాతోనే రాజును కలిశాడు. 39 ఏళ్లకు దేశంలో అప్పటిదాకా అందరికంటే చిన్న ప్రధాని. వానలో తడిసిన దండు ఆ తర్వాతే ఊళ్లోకి వచ్చింది. 31న రాజభవనం ముందు కవాతు చేయించి, రైళ్లెక్కించి ఇళ్లకు పంపేశారు. దండయాత్ర అన్న పేరు ఆ కవాతు ఫోటోల నుంచే నిలిచిపోయింది.

రాజు ఎందుకు సంతకం పెట్టలేదు?

ముందు రోజు రాత్రి ఆయన గట్టిగానే ఉన్నాడని, తెల్లారేసరికి మెత్తబడ్డాడని ఆనాటి మంత్రుల సాక్ష్యం. కారణాలుగా చెప్పేవి చాలా ఉన్నాయి. అంతర్యుద్ధం భయం. సైన్యం మాట వింటుందో లేదోనన్న అనుమానం. ఫాసిస్టులకు దగ్గరైన తన దాయాది ఆవోస్తా డ్యూక్ ఎక్కడ సింహాసనానికి ఎసరు పెడతాడోనన్న బెంగ. సైన్యం తన విధి నెరవేరుస్తుంది కానీ పరీక్ష పెట్టకపోవడమే మేలని ఒక సేనాని ఆయనకు చెప్పాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది.

ఇవన్నీ కలిసే ఉండవచ్చు. వీటన్నిటి వెనక ఒక తేలికైన లెక్క ఉందని నాకనిపిస్తుంది. సోషలిస్టులొస్తే కిరీటం పోతుంది, వీళ్లొస్తే ఉంటుంది. చుట్టూ ఉన్న పెద్దమనుషులకూ అదే లెక్క. నవంబరు 16న ముస్సోలినీ పార్లమెంటులో నిలబడి, ఈ బూడిదరంగు హాలును నా దళాలకు విడిదిగా మార్చగలిగేవాణ్ణని ముఖంమీదే అన్నాడు. అన్నాక విశ్వాస ఓటు అడిగితే 306 మంది సరేనన్నారు, 116 మంది కాదన్నారు. 535 మంది సభలో ఆయన సొంత పార్టీవాళ్లు 35 మందే. మాజీ ప్రధానులు జొలిత్తి, ఓర్లాందో, సలాంద్రా, బొనోమీ, చివరికి ఫక్తా కూడా సరేనన్నవారిలో ఉన్నారు.

అంటే ప్రజలు ఆయన్ని ఎన్నుకోలేదా?

స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ ఎన్నుకోలేదు. 1923లో అచెర్బో చట్టం తెచ్చారు: పోలైన ఓట్లలో నాలుగో వంతు తెచ్చుకుని అందరికంటే ముందున్న జాబితాకు మూడింట రెండు వంతుల సీట్లు. ఓటు వేస్తున్నప్పుడు పార్లమెంటు గ్యాలరీల్లో నల్లచొక్కాలవాళ్లు కూర్చుని ఉన్నారు. 1924 ఏప్రిల్ ఎన్నికల్లో దౌర్జన్యం మధ్య ప్రభుత్వ జాబితాలకు సుమారు 65 శాతం ఓట్లు, 374 సీట్లు వచ్చాయి. పారిశ్రామిక నగరాలున్న ఉత్తరాదిలో మాత్రం ఆ హడావుడిలోనూ ప్రతిపక్షాలకు మంచి ఓట్లే పడ్డాయి.

1929 నాటికి ఆ ముచ్చటా లేదు. ఒకే జాబితా, ఓటరు 'అవును' లేదా 'కాదు' అనాలి. రెండూ వేర్వేరు కాగితాలు. 'అవును' కాగితం మీద మూడు రంగుల జెండా, 'కాదు' కాగితం తెల్లగా. ఏది వేశారో పక్కనున్నవాడికి తెలిసిపోయేది. 98 శాతం అవునన్నారు.

మత్తెయొత్తి ఎవరు? ఆయన పేరు అంతగా ఎందుకు వినిపిస్తుంది?

జాకోమో మత్తెయొత్తి మితవాద సోషలిస్టు పార్టీ కార్యదర్శి. సంపన్న కుటుంబంలో పుట్టి కూలీల పక్షం చేరినవాడు. లెక్కల మనిషి. ఎక్కడ, ఏ తేదీన, ఎవరిని కొట్టారు, ఎంత సొమ్ము ఎటు పోయిందన్నది కాగితాలతో మాట్లాడేవాడు. 1924 మే 30న పార్లమెంటులో లేచి, ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాన్ని ఊరూరి వారీగా చెప్పి, ఎన్నికలనే రద్దు చేయమన్నాడు. అరుపులు, బల్లల మీద బాదుడు, బెదిరింపుల మధ్య కాసేపట్లో ముగించాల్సింది గంటకు పైగా పట్టింది. కూర్చున్నాక పక్కవారితో, నా ప్రసంగం అయిపోయింది, ఇక నా అంత్యక్రియల ప్రసంగం మీరు సిద్ధం చేసుకోండి అన్నాడని చెబుతారు.

జూన్ 10 సాయంత్రం ఇంటి నుంచి బయల్దేరి టైబర్ నది గట్టున నడుస్తుంటే ఒక లాంచా కారు ఆగింది. అయిదుగురు ఆయన్ని లోపలికి లాగారు. పెనుగులాటలో కారులోనే కత్తితో పొడిచి చంపారు. ఆ ముఠా నాయకుడు అమెరిగో దూమిని.

ఇక్కడొక చిన్న సంగతి చరిత్రను మలుపు తిప్పింది. ముందు రోజు సాయంత్రం ఆ వీధిలోనే తచ్చాడుతున్న కారును చూసి, ఇళ్లు దోచే దొంగలేమోనని ఒక కాపలాదారు దాని నంబరు రాసిపెట్టుకున్నాడు. ఆ నంబరు పట్టుకుని పోలీసులు కదిలితే, కారు ఒక ఫాసిస్టు అనుకూల పత్రిక సంపాదకుడి దగ్గర తేలింది. అక్కడి నుంచి దారి ప్రధాని ముస్సోలినీ తరఫున పత్రికల వ్యవహారాలు చూసే కార్యాలయం అధిపతి చేజరే రోసీ దాకా వెళ్లింది. ఆ కాపలాదారు నంబరు రాసుకోకపోతే మత్తెయొత్తి 'కనిపించకుండా పోయిన' సభ్యుడిగానే మిగిలేవాడేమో. ఆగస్టు 16న రోమ్ బయట రియానో దగ్గరి అడవిలో శవం దొరికింది.

హత్యకు ముస్సోలినీ స్వయంగా ఆజ్ఞ ఇచ్చాడా అన్నది ఈనాటికీ తేలని వాదం. ఆయన చుట్టూ తిరిగేవాళ్లే చేశారన్నది మాత్రం అప్పుడే తేలింది. జనం కోటుకు పెట్టుకున్న పార్టీ బిళ్లలు తీసేశారు. ఆ వేసవిలో ఆయన కుర్చీ నిజంగా ఊగింది.

మరి అప్పుడైనా ఎందుకు పడిపోలేదు?

ప్రతిపక్ష సభ్యులు వందమందికి పైగా పార్లమెంటును బహిష్కరించారు. పాత రోమ్‌లో సామాన్యులు అలిగి వెళ్లిన కొండ పేరు మీద దీన్ని 'అవెంతీన్' బహిష్కరణ అన్నారు. నైతికంగా ఉన్నతమైన పని, రాజకీయంగా శుద్ధ అమాయకత్వం. వాళ్ల ఆశ అంతా రాజు మీద. ఆయన మళ్లీ కదల్లేదు. తత్వవేత్త బెనెదెత్తో క్రోచె అంతటివాడు ఆ జూన్‌లోనే సెనేట్‌లో ప్రభుత్వానికి అనుకూలంగా ఓటేశాడు. మరుసటి ఏడాదికి ఫాసిజాన్ని వ్యతిరేకించే మేధావుల ప్రకటన ఆయన చేత్తోనే రాశాడు, అది వేరే సంగతి. ఏడాది ఆలస్యం.

డిసెంబరు చివర్లో ముస్సోలినీని ఇరికిస్తూ రోసీ రాసిన పత్రం పేపర్లకెక్కింది. నాలుగు రోజులకు దళాధిపతులు ముస్సోలినీ గదిలోకి వచ్చి, తేల్చుకోమన్నారు. 1925 జనవరి 3న ఆయన సగం ఖాళీగా ఉన్న సభలో నిలబడి, జరిగినదానికంతటికీ రాజకీయ, నైతిక, చారిత్రక బాధ్యత నాదే అన్నాడు. ఫాసిజం నేరస్థుల ముఠా అయితే ఆ ముఠా నాయకుణ్ణి నేనే అన్నాడు. ఎవరూ ఆయన్ని అరెస్టు చేయలేదు.

నియంతృత్వం పూర్తిగా ఎప్పుడు స్థిరపడింది?

1925, 1926 రెండేళ్లలో. 1925 డిసెంబరు చట్టంతో ఆయన పార్లమెంటుకు జవాబుదారీ కాడు, రాజుకు మాత్రమే. ఎన్నికైన మేయర్ల స్థానంలో ప్రభుత్వం నియమించిన 'పొదెస్తా'లు వచ్చారు. 1926 అక్టోబరు 31న బొలోన్యాలో ముస్సోలినీ మీద కాల్పులు జరిగాయి. కాల్చింది వాడేనంటూ పదిహేనేళ్ల కుర్రాణ్ణి అక్కడికక్కడే గుంపు చంపేసింది. దాన్ని సాకుగా చేసుకుని వారం తిరక్కుండా మిగతా పార్టీలన్నీ రద్దు, దీవులకు బహిష్కరణ శిక్షలు, ఆ నెలలోనే ప్రత్యేక న్యాయస్థానం. నవంబరు 8 రాత్రి కమ్యూనిస్టు నాయకుడు, పార్లమెంటు సభ్యుడు అంతోనియో గ్రాంసీని అరెస్టు చేశారు.

దండయాత్ర తేదీని గుర్తుపెట్టుకుంటాం కానీ, అప్పటికీ ఇటలీలో పార్లమెంటు, పత్రికలు, ప్రతిపక్షాలు ఉన్నాయి. నాలుగేళ్ల పాటు ఆపడానికి వీలున్న క్షణాలు వస్తూనే ఉన్నాయి.

ముస్సోలినీ హయాంలో రైళ్లు వేళకు నడిచేవట, నిజమేనా?

విదేశీ యాత్రికులు ఎక్కే ప్రధాన మార్గాల్లో కొంత మెరుగుపడ్డాయి. ఆ మెరుగుదలకు పునాది అంతకుముందు ప్రభుత్వాల కాలంలోనే పడింది. చిన్న లైన్లలో ఆలస్యాలు మామూలే. ఆలస్యమైందని రాసే పత్రిక లేకపోవడం కూడా సమయపాలనకు బాగా పనికొస్తుంది.

ఫాసిజం మొదటి నుంచీ యూదులకు వ్యతిరేకమేనా?

ఇటలీలో కాదు. తొలి కార్యకర్తల్లో యూదులూ ఉన్నారు. జాతి చట్టాలు 1938లో వచ్చాయి. అంతకంటే ముందే 1935లో మొదలైన ఇథియోపియా దండయాత్రలో విషవాయువు వాడారని, ఆఫ్రికన్ల విషయంలో జాతి అహంకారానికి 1938 దాకా ఆగలేదని కూడా గుర్తుంచుకోవాలి.

హిట్లర్ ముస్సోలినీని చూసి నేర్చుకున్నాడా?

బాహాటంగానే. 1923 నవంబరులో మ్యూనిక్‌లో హిట్లర్ చేసిన తిరుగుబాటుకు రోమ్ దండయాత్రే ప్రేరణ. అది విఫలమయ్యాక అసలు పాఠం నేర్చుకున్నాడు: తలుపు పగలగొట్టడం కంటే లోపలివాళ్లతో తీయించుకోవడం తేలిక. 1932 జులైలో నాజీలకు 37.3 శాతం ఓట్లు వచ్చాయి, నవంబరుకు 33.1 శాతానికి జారాయి. దిగజారుతున్న ఆ దశలోనే, 1933 జనవరి 30న, పాపెన్ వంటి సంప్రదాయవాదుల సలహాపై అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఆయన్ని ఛాన్సలర్‌ను చేశాడు. ఆ మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే. అదుపులో ఉంచుతామని పాపెన్ ధీమా. ముస్సోలినీకి నాలుగేళ్లు పట్టిన పని హిట్లర్‌కు నెలల్లో అయింది. మార్చి 23న సర్వాధికారాల చట్టానికి 444 మంది అనుకూలం, 94 మంది వ్యతిరేకం. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లే. కమ్యూనిస్టులను అప్పటికే సభలోకి రానివ్వలేదు.

ఆనాటి యూరప్ నియంతలందరూ ఫాసిస్టులేనా?

అలా ఒకే గాటన కట్టలేం. పోలండ్‌లో పిల్సూద్‌స్కీ, హంగరీలో హోర్తీ, పోర్చుగల్‌లో సలజార్, యుగోస్లావియాలో రాజు అలెగ్జాండర్ సైన్యం, చర్చి, కిరీటం వంటి పాత పెద్దరికాల మీద ఆధారపడిన నియంతలు. వీధుల్లో జనాన్ని కదిలించే పార్టీ అంటే వాళ్లకూ భయమే. రుమేనియాలో రాజు కారొల్ ప్రభుత్వం 1938లో అక్కడి ఫాసిస్టు నాయకుడు కొద్రియానును చంపించింది.

నిలువరించిన దేశాలూ ఉన్నాయి. బెల్జియంలో 1937లో బ్రస్సెల్స్ ఉప ఎన్నికలో ఫాసిస్టు నాయకుడు దెగ్రెల్ నిలబడితే, క్యాథలిక్కుల నుంచి కమ్యూనిస్టుల దాకా అందరూ ప్రధాని వాన్ జీలండ్ ఒక్కడినే బలపరిచారు. దెగ్రెల్ చిత్తుగా ఓడాడు. ఫిన్లండ్‌లో 1932లో కుడిపక్ష తీవ్రవాదులు తుపాకులతో మంట్సాలాలో పోగైతే, అధ్యక్షుడు స్విన్‌హువుద్ రేడియోలో మాట్లాడి ఇళ్లకు పొమ్మన్నాడు. వెళ్లారు. ఆయనేమీ వామపక్షవాది కాదు, అంతకుముందు వాళ్ల అభిమానంతోనే గద్దెనెక్కినవాడు.

భారతీయ నాయకులు ముస్సోలినీ గురించి ఏమనుకున్నారు?

రకరకాలుగా. 1926లో రవీంద్రనాథ్ టాగూర్ ప్రభుత్వ అతిథిగా ఇటలీ వెళ్లి ముస్సోలినీని కలిశాడు. ఆయన మర్యాదకు అన్న మాటలను అక్కడి పత్రికలు ఫాసిజానికి కితాబుగా అచ్చేశాయి. స్విట్జర్లాండ్‌లో ఫ్రెంచి రచయిత రొమైన్ రొలాండ్ అసలు సంగతులు చెప్పాక, ఆగస్టులో ఇంగ్లండ్ పత్రికలో లేఖ ద్వారా తన అభిప్రాయం వేరని ప్రకటించాడు. హిందూ మహాసభ నాయకుడు మూంజే 1931 మార్చిలో కలిసి, అక్కడి యువజన సైనిక శిక్షణను మెచ్చుకున్నాడు. రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తూ ఆ డిసెంబరులో గాంధీజీ కూడా కలిశారు. 1936 మార్చిలో భార్యను పోగొట్టుకుని స్విట్జర్లాండ్ నుంచి వస్తున్న నెహ్రూ విమానం రోమ్‌లో ఆగింది. ముస్సోలినీ పరామర్శించాలనుకుంటున్నాడని అధికారి వచ్చి గంటసేపు బతిమాలాడు. కలిస్తే ఇథియోపియా యుద్ధం మధ్య దాన్ని ప్రచారానికి వాడుకుంటారని తెలిసి, నెహ్రూ వెళ్లలేదు.

చివరికి ముస్సోలినీని దించింది ఎవరు?

ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఓడిపోతోంది, 1943 జులైలో మిత్రదేశాల సైన్యం సిసిలీలో దిగింది. జులై 24 రాత్రి మొదలై తెల్లవారుజాము దాకా సాగిన ఫాసిస్టు మహామండలి సమావేశంలో ముస్సోలినీకి వ్యతిరేకంగా 19 ఓట్లు పడ్డాయి. తీర్మానం పెట్టింది పాత బొలోన్యా రాస్ గ్రాందీ. ఆ సాయంత్రం ముస్సోలినీ మామూలుగానే రాజును చూడటానికి వెళ్లాడు. అదే మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్, ఇరవయ్యొక్కేళ్ల క్రితం కాగితం మీద సంతకం పెట్టనన్న అదే రాజు, మీరిక ప్రధాని కాదని ఇరవై నిమిషాల్లో చెప్పేశాడు. ఆ అధికారం ఆయనకు 1922లోనూ ఉంది, 1924లోనూ ఉంది. మెట్లు దిగి బయటికొచ్చిన ముస్సోలినీని పోలీసులు చుట్టుముట్టి, అక్కడ నిలబెట్టిన అంబులెన్సులో ఎక్కించుకుని తీసుకుపోయారు. ఆ రాత్రి రేడియోలో వార్త విని జనం వీధుల్లోకి వచ్చారు. లక్షల సభ్యత్వం ఉన్న పార్టీ నుంచి ఆయన కోసం ఒక్క దళం కూడా కదల్లేదు.